ఎంత ఉంది, ఎంత చేస్తున్నావు

(ఆంధ్ర సరిహద్దుని ఆనుకుని ఒడిశాలో ఉన్న పర్లాకిమిడిలో చుట్టుపక్కల ఊళ్ల తెలుగువాళ్లు కూడిన సభలో, అమీనుగా పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన చేసిన ప్రసంగానికి రాతరూపం)

పెద్దలకు నమస్కారం. పాతపట్నం నుంచి, కాశీనగరం నుంచి, గుణుపురం నుంచి పొద్దున్నే రైలెక్కి వచ్చిన అందరికీ నమస్కారం.

నన్ను భూమి గురించి మాట్లాడమన్నారు. నేను ముప్పై నాలుగేళ్లు అమీనుగా పనిచేశాను. గజపతి జిల్లా గంజాంలో ఉన్న రోజుల్లోనే ఉద్యోగంలో చేరాను, కోరాపుట్ కొండల్లో తిరిగాను, మళ్లీ ఇక్కడికే వచ్చి రిటైరయ్యాను. అన్నేళ్లూ నా పని నేల కొలవడం. అందుకని ఆ కొలతల్లోంచే మొదలుపెడతాను.

మన ఊళ్లలో ఇద్దరు కొత్తవాళ్లు ఎదురైతే ముందు అడిగే మాట ఏమిటి? "మీది ఏ ఊరండీ?" అంటాం. నీ పేరేమిటని అడగడానికి ఇంకా టైమ్ పడుతుంది. ఊరు తెలిస్తే మనిషి సగం తెలిసినట్టే మనకి. మన పేరే చూడండి. ముందు ఇంటిపేరు, తర్వాత మనిషి పేరు. ఆ ఇంటిపేర్లలో చాలావరకు ఊళ్ల పేర్లే. ఎన్ని తరాల కిందటో ఏ కరువుకో, ఏ కలరాకో ఎవరో ముత్తాత వదిలిపెట్టి వచ్చిన ఊరది. అది ఎక్కడుందో కూడా మనకి తెలీదు. అయినా ఆ ఊరు ముందు నడుస్తుంది, వెనకాల మనం నడుస్తాం. ఇక్కడి బడిలో చేరినప్పుడు ఇంటిపేరు చివర రాయాలన్నారు మాస్టారు. ఇంటికెళ్లి నాన్నకి చెబితే ఆయన చాలాసేపు ఊరుకుని, "ఊరు వెనక్కి పోయిందన్నమాట" అన్నాడు. నాకప్పుడు అర్థం కాలేదు.

రెండో ప్రశ్న పొలం గురించి వస్తుంది. దాన్ని మనం రెండు రకాలుగా అడుగుతాం. పెళ్లి సంబంధం మాట్లాడేటప్పుడు "ఎంత ఉంది?" అంటాం. కళ్లం దగ్గర కూర్చున్నప్పుడు "ఈ ఏడు ఎంత చేస్తున్నావు?" అంటాం. ఉండడం ఒకటి, చేయడం ఒకటి. తెలుగులో వ్యవసాయం మనం చేస్తాం, చేను చేస్తాం, కౌలుకి చేస్తాం, పాలికి చేస్తాం. ఉన్నవాడు వేరు కావచ్చు, చేసేవాడు వేరు కావచ్చు. నా ఉద్యోగమంతా ఈ రెండు మాటల మధ్యే గడిచింది. ఒక సమాజం ఎలా ఉందో తెలియాలంటే అది ఈ రెండింట్లో దేన్ని కాగితం మీద రాసిందో, దేన్ని వదిలేసిందో చూడాలని నాకు నమ్మకం కుదిరింది. ఈరోజు చెప్పదలచుకున్నది అదే.

మా తాత మా పొలాన్ని ఎకరాల్లో చెప్పేవాడు కాదు. "పై మడి ఏదుం, గెడ్డ పక్కది పందుం" అనేవాడు. కుర్రాళ్లకి తెలియకపోవచ్చు, చెబుతాను. గెడ్డ అంటే వాగు. నాలుగు కుంచాలు తూము. ఐదు తూములు ఏదుం, పది తూములు పందుం, ఇరవై తూములు పుట్టి. ఏదుం మడి అంటే ఏదుం విత్తనం పట్టే మడి అని. అంటే ఆ నేలలో ఎంత పని చేయాలో, ఎంత విత్తు చల్లాలో, దాన్నిబట్టి కొలత. ఒకచోట ఏదుం మడి, ఇంకోచోట ఏదుం మడి పక్కపక్కన పెడితే వైశాల్యం సమానంగా ఉండదు. నేల బాగుంటే ఒకలా, ఇసకపర్ర అయితే ఒకలా ఉంటుంది. ఆ కొలతలో నేల గుణం కలిసిపోయి ఉంది, మనిషి చెయ్యి కలిసిపోయి ఉంది.

తర్వాత గొలుసు వచ్చింది. అరవై ఆరు అడుగుల గొలుసు, వంద లింకులు. పది చదరపు గొలుసులైతే ఎకరం. గొలుసుకి నల్లరేగడైనా ఒకటే, రాళ్లగుట్టైనా ఒకటే. అలా అన్నిచోట్లా ఒకే కొలత కుదిరాక, నేలను ఎప్పుడూ చూడని మనిషి కూడా దాన్ని కొనొచ్చు, అమ్మొచ్చు, తాకట్టు పెట్టొచ్చు. కంపెనీవాళ్లు ఉత్తర సర్కారుల్లో 1802లో శాశ్వత పేష్కష్, అంటే జమీందారు కట్టే పన్ను, ఖాయం చేసినప్పుడే మొదలైంది ఈ వ్యవహారం. జమీందారు ఏటా ఇంత కట్టాలి, పండినా పండకపోయినా. కట్టకపోతే జమీ వేలం. అంతకుముందు పంటలో పాలు ఉండేది. పంట పోతే పాలు కూడా పోయేది, ఇద్దరూ కలిసి నష్టపోయేవారు. వేలం అనే మాట వచ్చాక నష్టం కింద ఉన్నవాడి మీదే పడింది.

పాత రోజులు బంగారమని నేను అనడం లేదు. ఏదుం, పందుం అని ముచ్చటగా చెప్పుకున్న ఆ రోజుల్లోనే కంబారులున్నారు. తండ్రి తిన్న అప్పుకి కొడుకు ఇంకొకరి చేలో బతుకంతా పనిచేశాడు. కొండ మీద దాన్ని గోతి అనేవారు. వెట్టి రద్దు చట్టం దేశమంతటికీ 1976లో గానీ రాలేదు. పల్లం ఎవరి చేతిలో ఉండేదో, రాళ్ల మెట్ట ఎవరికి మిగిలేదో, చెరువు తూము దగ్గర ముందు ఎవరి మడికి నీళ్లు పారేవో మీ ఊళ్లలో మీకు తెలుసు. నేల మీద గీత కనిపించకపోయినా కులం గీత ఉండేది. చేసేవాడికి ఆనాడూ పేరు లేదు.

ఇక కొండ సంగతి. ఇది కాస్త ఎక్కువసేపు చెబుతాను, ఏమీ అనుకోకండి.

ఉద్యోగంలో చేరిన కొత్తలో గుమ్మ దాటి సెరంగో వైపు పంపించారు. సవర గిరిజనుల ఊళ్లు. అంతకుముందు నేను సవరలని పర్లాకిమిడి సంతలోనే చూశాను, చీపుళ్లు, కందులు, చింతపండు, పనసకాయలు అమ్ముకుని సాయంత్రానికి వెళ్లిపోయేవాళ్లు. వాళ్ల ఊరికి నేను వెళ్లడం అదే మొదలు. రెండు కొండల మధ్య గెడ్డ దిగి వస్తోంది. ఆ గెడ్డ వాలునే మెట్లు మెట్లుగా మడులు కట్టారు. ఒక్కో మడికి రాతి గోడ. కొన్ని గోడలు నా నిలువెత్తు ఉన్నాయి. సున్నం లేదు, సిమెంటు లేదు, రాయి మీద రాయి. పైమడి నిండాక గోడకి ఒక మూల వదిలిన సందులోంచి నీళ్లు కింద మడిలోకి జారుతున్నాయి. అక్కడ నిండాక ఆ కిందకి. పైనుంచి కిందదాకా నీళ్లు ఎక్కడా పరుగెత్తవు, మన్ను కోసుకుపోదు. చివరి మడి కూడా తడిసాకే ఆ నీళ్లు గెడ్డలో కలుస్తాయి. నేను గొలుసు కింద పెట్టేసి ఆ సందుల దగ్గర కూర్చుని చూశాను. సందు ఎంత వెడల్పు ఉండాలో ఎవరు లెక్క కట్టారో, ఎన్ని తరాలు కట్టారో తెలీదు. ఒక సందులో ఒక ముసలామె వంగి, జారిన రాయిని మడమతో నొక్కి సర్దుతోంది. ఆ మడి ఆమెది కాదట. మరి నువ్వెందుకు సర్దుతున్నావని దుబాసీ చేత అడిగించాను. "కింద మడి మాది" అంది.

ఆ ఒక్క మాటలో ఆ ఊరు ఎలా నడుస్తుందో మొత్తం ఉంది. పైవాడి గోడ కూలితే కిందవాడి పంట పోతుంది. అందుకే అక్కడ గోడ కట్టడానికి ఊరంతా వస్తుంది. ఆ ఊళ్లో మనుషులు మనకంటే మంచివాళ్లని నేను చెప్పడం లేదు. ఆ నేల వాళ్లని అలా కలిపి ఉంచింది. మన పల్లపు ఊళ్లలో బోరు వచ్చాక చూడండి. ఎవడి బోరు వాడిది, పక్క చేనువాడితో మాట్లాడాల్సిన పని లేదు. మాట్లాడడం మానేశాం కూడా.

మడుల పైన కొండవాలు మీద పోడు. చోళ్లు, సామలు, కొర్రలు, కందులు కలిపి చల్లుతారు. రెండు మూడేళ్లు చేసి ఆ ముక్కని వదిలేసి ఇంకోచోటికి వెళ్తారు. వదిలేసినచోట అడవి మళ్లీ లేస్తుంది. కొన్నేళ్లకి తిరిగి అక్కడికి వస్తారు. ఇంకా పక్కనే ఒకచోట నిలువు రాళ్లు పాతి ఉన్నాయి, పెద్దవీ చిన్నవీ. ఒక్కో రాయి చనిపోయిన ఒక్కో మనిషికి. రాయి పాతే ఆ క్రతువుని గువార్ అంటారు. మా తాత ఇక్కడున్నాడు, మా అత్త అక్కడుంది అని చేత్తో చూపించారు. ఇప్పుడు చాలా ఊళ్లు క్రైస్తవం తీసుకున్నాయి, రాళ్లు పాతడం తగ్గింది. కానీ పాతినవి ఎవరూ పీకలేదు.

ఇంత నేలకి రికార్డులో ఏమని రాసి ఉందో చెబుతాను. కింద మడుల్లో కొన్నిటికి పట్టా ఉంది. నిటారుగా ఉన్న కొండవాలుని చాలాచోట్ల సెటిల్మెంటులో, అంటే ప్రభుత్వం నేల కొలిచి రికార్డు రాసినప్పుడు, కొలవనే లేదు. ప్రభుత్వ ఖాతాలో వేసేశారు. ఒడియాలో మాట, "ఆబాద్ అజోగ్య అనాబాది". సాగుకి పనికిరాని బంజరు అని. తరాల తరబడి చోళ్లు పండించిన కొండ అది. చచ్చిపోయినవాళ్లు రాళ్లై నిలబడ్డ కొండ. దాన్ని నా చేత్తో నేనే బంజరని రాశాను. పై అధికారి రాయమన్నాడు, రాశాను. ఆ రోజు తప్పనిపించలేదు, ఎందుకంటే నాకు నేర్పిన పది పన్నెండు రకాల భూమి పేర్లలో పోడుకి పేరు లేదు.

2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది. 2005 డిసెంబర్ 13 నాటికి చేసుకుంటున్న గిరిజన కుటుంబానికి నాలుగు హెక్టార్ల దాకా హక్కు ఇవ్వాలంది. మళ్లీ అవే కొండలెక్కాం, ఈసారి జీపీఎస్ పట్టుకుని. నా ఉద్యోగంలో మొట్టమొదటిసారి ఒక చట్టం "ఎంత ఉంది" అని కాకుండా "ఎంత చేస్తున్నావు" అని అడిగింది. నాకు చాలా సంతోషం వేసింది. కానీ పని మొదలుపెట్టాక చిక్కు తెలిసింది. ఆ ఏడాది ఏ ముక్కలో పంట ఉందో అదే కొలిచాం. వదిలిన ముక్కలు అడవిలా కనిపించాయి కాబట్టి అడవనే రాశాం. నాలుగు చోట్ల తిరిగే పోడుని ఒకచోట మేకు దిగ్గొట్టినట్టయింది. అదే చట్టంలో ఊరుమ్మడి హక్కు కూడా ఉంది, ఊరి అడవి మొత్తం ఊరి పేర రాయొచ్చు. మహారాష్ట్రలో గడ్చిరోలీ జిల్లా మెండా లేఖా ఊరివాళ్లు 2009లో అలా సాధించుకున్నారు, వాళ్ల వెదురు వాళ్లే అమ్ముకుంటున్నారు. మనవైపు ఒంటరి పట్టాలే ఎక్కువ పంచాం. కాగితం ఒక్కొక్కరికీ విడిగా ఇస్తే సందులో రాయి సర్దే మనిషి కూడా విడిపోతుంది. అది నేను కళ్లారా చూశాను.

మనం తెలుగువాళ్లం ఇక్కడ ఒక మాట దాచుకోకుండా ఒప్పుకోవాలి. కొండ నేల చేతులు మారినప్పుడు కొనుక్కున్నవాళ్లలో మనవాళ్లూ ఉన్నారు. ఉప్పుకి, బట్టకి, పెళ్లికి అప్పిచ్చి, వేలిముద్ర వేయించుకుని, కిందున్న మంచి మడులు రాయించుకున్నారు. ఆ దందా ఆపడానికి 1917లోనే మద్రాసు ప్రభుత్వం ఏజెన్సీలో భూమి బదిలీల మీద చట్టం చేసింది. చట్టం కాగితం మీద ఉంది, నేల జారుతూనే ఉంది. ఆంధ్రావైపు శ్రీకాకుళం కొండల్లో గిరిజనులు తిరగబడ్డారు. అంత రక్తం పారాక 1970లో అటువైపు గిరిజనేతరులకి బదిలీని పూర్తిగా నిషేధించారు. ఇటువైపు 1956 రెగ్యులేషన్‌లో అధికారి అనుమతితో అమ్ముకునే వీలుండేది. ఆ తలుపు 2002లో మూశారు. కొండ ఒకటే, జాతి ఒకటే, మాట ఒకటే. గీతకి అటువైపు వాడి మడికి 1970లో తాళం పడితే ఇటువైపు వాడి మడికి ముప్పై రెండేళ్లు ఆలస్యంగా పడింది. ఈ మధ్యకాలంలో ఎన్ని మడులు పోయాయో ఆ కుటుంబాలకే తెలుసు.

ఆ గీత సంగతికి వస్తాను. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడింది. ఒడియా మాట్లాడేవాళ్లకి ఒక రాష్ట్రం కావాలన్నది న్యాయమైన కోరిక. ఎన్నో ఏళ్లు పోరాడారు, సాధించుకున్నారు. కాకపోతే రెండు భాషలు ఒకే వీధిలో కాపురముండేచోట గీత ఎక్కడ గీసినా ఎవరి ఇంట్లోంచో పోతుంది. పర్లాకిమిడి ఎస్టేటునే రెండుగా కోశారు. పట్నం ఇటు వచ్చింది, కొంత భూమి మద్రాసులో ఉండిపోయింది. తర్వాత ఎస్టేట్లు రద్దయినప్పుడు అటు ముక్కకి మద్రాసు 1948 చట్టం, ఇటు ముక్కకి ఒరిస్సా 1951 చట్టం. ఒకే జమీ రైతులకి రెండు రకాల కాగితాలు.

ఈ ఊళ్లోనే ఏళ్ల తరబడి ఉండి, సవరల దగ్గర కూర్చుని వాళ్ల భాష నేర్చుకుని, వాళ్ల పిల్లలకి బడి పెట్టి, 1931లో సవర వ్యాకరణం అచ్చువేసిన గిడుగు రామమూర్తి పంతులుగారు ఆ 1936లోనే ఈ ఊరు వదిలి రాజమండ్రి వెళ్లిపోయారు. పర్లాకిమిడిని ఒరిస్సాలో కలపడం ఆయనకి సమ్మతం కాలేదు. అదే 1936లో గుణుపురం దగ్గర మంగెయి గొమాంగో సవర భాషకి సొంత లిపి తయారుచేశాడు, సొరాంగ్ సొంపెంగ్. ఒకే ఏడాదిలో ఒకరు నేల వదిలి భాషని పట్టుకుపోయారు, ఇంకొకరు కొండ మీదే కూర్చుని భాషకి అక్షరాలు వెతికారు. గీత గీసినవాళ్లు అడిగింది తెలుగా, ఒడియానా అని మాత్రమే. సవరలని లెక్కలోకే తీసుకోలేదు.

గీత మా ఇంట్లో ఏం చేసిందో ఒకటి చెబుతాను. మా తాత నాటి కాగితం తెలుగులో ఉంది, మద్రాసు రోజులది. తర్వాత సెటిల్మెంటులో వచ్చిన పట్టా ఒడియాలో ఉంది. నాన్న పేరులో ఒక ఒత్తు ఉంది. ఒడియా కాగితంలో ఆ ఒత్తు పడలేదు. ఎవరూ పట్టించుకోలేదు, ఎందుకంటే నాన్నకి ఒడియా చదవడం రాదు. ఆయన పోయాక పొలం మా పేరు మీదకి మార్చుకుందామని వెళ్తే, ఈ పేరుగల మనిషి వేరు, మీ నాన్న వేరు అన్నారు ఒక ఆఫీసులో. పాత తెలుగు కాగితం చూపిస్తే ఇది మాకు చదవడం రాదు, అటువైపు ఆఫీసు నుంచి ధ్రువీకరించి తెండి అన్నారు. అటువైపు వెళ్తే మీ ఊరు మా జిల్లాలో లేదు కదా అన్నారు. ఇదంతా చదవడం వచ్చినవాణ్ణి, అదే శాఖలో ఉద్యోగం చేసేవాణ్ణి. నాకే ఒక ఒత్తు కోసం ఆరేళ్లు పట్టింది. ఆ ఆరేళ్లూ ఆ చేనులో వరి మామూలుగానే పండింది. చేను మమ్మల్ని గుర్తుపట్టింది, కాగితం పట్టలేదు.

ఆడపిల్లల సంగతి ఇంకా చేదుగా ఉంటుంది. మా పెద్దక్కని పాతపట్నం అవతల ఇచ్చాం. ఆవిడ ఆడపడుచుకి పుట్టింట్లో అన్నదమ్ములతో సమానంగా వాటా వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో చేసిన సవరణ ప్రకారం 1985 సెప్టెంబర్ 5 నాటికి పెళ్లికాని కూతుళ్లకి పిత్రార్జితంలో సమాన హక్కు ఉంది. మా అక్కకి మా ఇంట్లో ఆ హక్కు అప్పటికి లేదు, ఇక్కడికి ఆ హక్కు 2005లో కేంద్రం చట్టం మార్చాక గానీ రాలేదు. ఒకే వంటింట్లో పక్కపక్కన కూర్చుని కూరగాయలు తరిగే వదినా ఆడపడుచుల్లో ఒకరు భూమి ఉన్న మనిషి, ఒకరు లేని మనిషి. ఆ ఇంట్లో ఇద్దరి మాటకి ఉన్న బరువులో తేడా నేను విన్నాను. కూతురి పెళ్లి గురించి ఒకామె "నేను ఆలోచించి చెబుతాను" అంటే, మా అక్క "ఆయన్ని అడిగి చెబుతాను" అనేది. 2005 తర్వాత మా అక్కకి వాటా ఇవ్వాలని నేనే పట్టుబట్టాను. అక్క తీసుకోనంది. తమ్ముళ్ల దగ్గర నేల తీసుకుంటే పుట్టింటి గుమ్మం దూరమవుతుందని ఆమె భయం. ఆ భయం ఏ చట్టంతోనూ పోలేదు. చివరికి ఆమె కూతురు చెబితే సంతకం పెట్టింది.

కొఠియా గురించి మీరు పేపర్లో చదువుతుంటారు. కోరాపుట్ జిల్లాకీ, మొన్నటిదాకా విజయనగరంలో ఉండి ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లా అయిన ప్రాంతానికీ సరిహద్దులో ఇరవై ఒక్క ఊళ్లు. 1968లో సుప్రీంకోర్టుకెక్కిన తగవు. రెండు రాష్ట్రాలూ రోడ్లు వేస్తాయి, రెండూ రేషను ఇస్తాయి, రెండూ ఓట్లు వేయించుకుంటాయి. అక్కడివాళ్లకి రెండు కార్డులున్నాయని నవ్వుకునేవాళ్లున్నారు. నవ్వే విషయం కాదు. ఎన్నో ఏళ్లు రెండువైపుల నుంచీ ఏమీ రాని ఊళ్లవి.

మన పెద్దవాళ్ల నోట దేశమనే మాట ఎలా వస్తుందో గమనించారా? "వాడు దేశాలు పట్టిపోయాడు" అంటారు. అంటే నేల కూడు పెట్టలేకపోయిందని అర్థం. గోపాల్‌పూర్ నుంచి, బారువ నుంచి, కళింగపట్నం నుంచి ఓడలెక్కి రంగూన్ వెళ్లారు మన తాతలు. రేవుల్లో బస్తాలు మోశారు, మిల్లుల్లో పనిచేశారు. 1942లో జపాన్‌వాళ్లు వచ్చాక అడవుల్లో పడి నడిచి వచ్చారు, చాలామంది రాలేదు. ఇప్పుడు ఓడ బదులు రైలు. గంజాం నుంచి సూరత్ మగ్గాలకి, ఇక్కడి నుంచి విశాఖ, చెన్నై, హైదరాబాద్ బిల్డింగుల మీదకి. అలా వెళ్లినవాడికి కాగితం మీద అరెకరం ఉండొచ్చు. దాన్ని చేసేవాడు ఇంకొకడు. ఒడిశాలో కౌలుకి ఇవ్వడాన్ని 1960 భూసంస్కరణల చట్టం చాలావరకు నిషేధించింది, వితంతువులు, సైన్యంలో ఉన్నవాళ్లు లాంటి కొందరికి తప్ప. నిషేధించారు కాబట్టి కౌలు లేదు, లేదు కాబట్టి కాగితం లేదు. ఊళ్లో సగం చేలు కౌలే. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను మనందరినీ ఊడ్చేసి పోయిందే, ఆ నష్టపరిహారం రాసుకోవడానికి వచ్చినప్పుడు మా వీధిలో ఒకతను వాలిపోయిన వరి పక్కన నిలబడి, ఇది నేను చేసిందే అని మూడుసార్లు చెప్పాడు. పట్టా ఎవరిదని మూడుసార్లూ అడిగారు. ఆంధ్రావైపు 2019 చట్టం సాగుదారుకి పదకొండు నెలల కార్డు ఇవ్వాలంది, దానికీ భూమిగలాయన సంతకం కావాలంది.

ఇంత చెప్పాక నియమగిరి గురించి చెప్పకపోతే నాకు మనసొప్పదు. రాయగడ, కలహండి జిల్లాల మధ్య కొండ. డొంగ్రియా కొంధు గిరిజనులు ఉంటారు. ఆ కొండ నెత్తిన బాక్సైట్ ఉంది. తవ్వాలా వద్దా అన్నది ఊరి సభలే తేల్చాలని 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. పన్నెండు ఊళ్లలో సభలు పెట్టారు, జిల్లా జడ్జిలు కూర్చుని చూశారు. పన్నెండుకి పన్నెండు ఊళ్లూ వద్దన్నాయి. కొండ మాది కాబట్టి వద్దని మాత్రమే వాళ్లు అనలేదు. కొండ మా దేవుడు నియమరాజుది, మేం ఆయన దగ్గర ఉంటున్నాం అన్నారు. సర్వే శాఖలో బతికిన నాకు ఆ మాట చాలా రోజులు నిద్రపట్టనివ్వలేదు. మేం కొలిచే ప్రతి చదరపు గజానికీ ఒక యజమాని పేరు రాయాలి, లేదంటే సర్కారని రాయాలి. మనిషే నేలకి చెందినవాడని రాయడానికి మా ఫారంలో గడి లేదు.

మా నాన్నకి ఆ గడి అక్కర్లేకుండానే తెలుసు. జ్యేష్ఠ పున్నమికి మనకి ఏరువాక. ఎద్దుల కొమ్ములకి పసుపు రాసి, నాగలికి పూజ చేసి మొదటి చాలు తీస్తాం. అదే రోజుల్లో జూన్ మధ్యలో ఒడియావాళ్లకి రజో వస్తుంది. భూమాత బహిష్టయిన మూడు రోజులు అవి. నాగలి కట్టరు, గునపం దించరు, ఆడవాళ్లకీ పనిలేదు, ఆడపిల్లలు కొత్త బట్టలు కట్టుకుని ఉయ్యాలలూగుతారు. నాలుగో రోజు వసుమతి స్నానం. ఒక ఏడాది రెండూ కలిసి వచ్చాయి. వాన పడింది, అదును దాటిపోతోంది, మా బాబాయి తొందరపెడుతున్నాడు. మా పక్కచేను ఒడియావాళ్లది. నాన్న ఎద్దులకి పసుపు రాశాడు, నాగలికి దండం పెట్టాడు, చాలు మాత్రం తీయలేదు. "పక్క మడిలో తల్లి పడుకునుంటే మన మడిలో లేచుంటుందా? గట్టు మనం వేసుకున్నది" అన్నాడు. మూడు రోజులూ ఎద్దుల్ని మేపుకున్నాడు. పక్కింటివాళ్లు పొడొపిఠా అనే కాల్చిన పిండివంట పంపించారు. అరిటాకులో వేడివేడిగా ఉంది, అడుగు మాడి తియ్యగా ఉంది. నాలుగో రోజు తెల్లవారుజామున ఇద్దరూ పక్కపక్కనే దున్నారు.

ఇక ఆపుతాను, మళ్లీ రైలు టైమ్ అవుతుంది. ఒక్క విషయం. మీ ఇళ్లలో, మీ అత్తగారి ట్రంకుపెట్టెల్లో తాతల నాటి తెలుగు కాగితాలు ఉంటాయి. జమీ రసీదులు, దస్తావేజులు. ఒడియా పట్టాతో సరిచూసుకోకపోతే మాకు జరిగినట్టే మీకూ జరుగుతుంది. నాకు రెండు లిపులూ వచ్చు, కళ్లు ఇంకా బాగానే ఉన్నాయి. వచ్చే ఆదివారం నుంచి ప్రతి ఆదివారం పొద్దున మా అరుగు మీద కూర్చుంటాను. కాగితాలు తెచ్చుకోండి. మడతల దగ్గర చిరిగిపోతాయి, ప్లాస్టిక్ వేయించకండి, పాత చీరముక్కలో చుట్టి తెండి. కొండ ఊళ్ల నుంచి మీ దగ్గరికి సంతకొచ్చేవాళ్లుంటే వాళ్లకి కూడా చెప్పండి. కాగితం లేనివాళ్లని కూడా రమ్మనండి. వాళ్లు ఏ ముక్క ఎప్పటి నుంచి చేస్తున్నారో చెబితే రాసిపెడతాను.